పిడుగు కడ్డీయు, దాని ఎర్తు గుంటయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సమయమున గ్రంథాలయము వలన గ్రామమునకు కలుగు మేలును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ విషయము చెప్పగల విద్వాంసులు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. అందుచేత ఈ భవనమునకు సంబంధించిన పద్దులలో మనము చాలకాలము సరిగా వ్రాయక విడిచిన ఒక పద్దును గూర్చి మాట్లాడెదనని మనవి చేసితిని. అది డాబామీది పిడుగు కడ్డీ పద్దు. మరింత సరిగా చెప్పవలెనన్న, కడ్డీ పద్దు కాదు. ఆ కడ్డీనుండి దిగిన ఇనుప పట్టీ నేలలో ఎక్కడ కలియుచున్నదో ఆ ఎర్తు గుంట పద్దు.

నాలుగేండ్ల క్రిందట వైశాఖములో ఒకనాటి సాయంకాలము జరిగిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. పగలంతయు వడగాలి వీచినది. నాలుగు గంటల వేళ పడమట మబ్బు క్రమ్మినది. చినుకు రాలకముందే పిడుగు పడినది. పిట్టగోడ మూల పగిలి ఇటుకలు వాకిట పడినవి. మీటరు బోర్డు మాడిపోయినది. గోడలోని తీగ వెంబడి సున్నపు పెచ్చులూడినవి. దినపత్రికల బల్ల ప్రక్కనున్న స్విచ్చి గోడనుండి ఊడి బల్లమీద పడినది. ఆ బల్ల చుట్టు ప్రతిదినము ఐదు గంటలకు బడిపిల్లలు కూర్చుందురు. ఆనాటికి గ్రంథపాలకుడు ఇంకను తలుపు తాళము తీయలేదు గనుక ఎవరికిని ఏమియు కాలేదు.

మరునాడు వాకిట గుమిగూడినవారిలో ఒక పెద్దమనిషి నన్ను చూచి, "పంతులూ, కడ్డి ఉండంగనే పడ్డది గదా పిడుగు. ఇగ ఆ కడ్డి దేనికి? పీకేస్తే ఇనుప సామాన్లోడన్న కొంటడు" అనెను. నవ్వుచు అన్నమాటయే గాని, ఆ ప్రశ్నకు జవాబు నావద్ద లేకపోయినది. జవాబు వెదకుటకు మాకు పట్టిన కాలములో తెలిసికొన్నదే నేటి నా ప్రసంగము.

ముందుగా కాగితములు తీసితిమి. కడ్డీ అమర్చినవారు ఇచ్చిపోయిన అట్టమీద "భూనిరోధము 2 ఓములు" అని వ్రాసి, క్రింద సంతకము చేసియున్నది. తేదీ చూచితిని; భాద్రపదము. ఆ ఏడు వానలు బాగుగా కురిసినవి. ఆపైన అట్టమీద మరొక తేదీ లేదు. అనగా ఆ ఒక్కదినము తరువాత ఆ గుంటవైపు ఎవరును కన్నెత్తి చూడలేదన్నమాట. మన లైనుమనును, భూగర్భజల సర్వే కొలువులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక మిత్రుని పిలిచి గుంట త్రవ్వించితిమి. పైనుండి చూచుటకు పట్టీ గట్టిగానే ఉన్నది. రంగు కూడ చెడలేదు. నేలకు జానెడు లోపల మాత్రము పట్టీ లేదు. పిడికెడు ఎర్రని తుప్పు ఉన్నది. పట్టీకిని పైపునకును నడుమ ఆ తుప్పే బంధుత్వము.

ఈ గ్రంథాలయపు బల్లమీదనే కూర్చుండి, గురువు లేకయే అమరకోశము వల్లించినవాడను నేను. అందు దిగ్వర్గమున మెరుపునకు చంచల, చపల, క్షణప్రభ యను పేళ్ళు కలవు. భూమివర్గమున భూమికి సర్వంసహ యను పేరు కలదు. అన్నిటిని సహించునది యని అర్థము. ఒక్క క్షణము నిలువని చంచలను, అన్నియు సహించు సర్వంసహకు చేర్చుటయే పిడుగు కడ్డీ చేయవలసిన పని. కడ్డీ పిడుగును ఆపదు, తరుమదు. అది పైన పిడుగును అందుకొని, పట్టీ దానిని దింపి, ఎర్తు దానిని భూమికి ఒప్పజెప్పవలెను. మూడవ పని జరుగనప్పుడు మొదటి రెండును మేలు చేయకపోగా కీడు చేయును. ఇంటికి అతిథిని పిలిచి, పెరటి తలుపు మూసివేసినట్లగును. ఆ అతిథి గోడ చీల్చుకొని పోవును. ఆనాడు మన గోడలోని కరెంటు తీగలే అతనికి త్రోవయైనవి.

ఇది క్రొత్తగా తెలిసిన సత్యము కాదు. 1752లో అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన ననుసరించి ఫ్రాన్సులోని మార్లీ గ్రామమున ఎత్తైన ఇనుప కడ్డీని నిలిపి, మే 10వ తేదీన మబ్బులోని విద్యుత్తును రవ్వలుగా రాబట్టిరి. మరుసటి ఏడు, 1753 ఆగస్టులో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు తన ఇంటి కప్పుమీది కడ్డీనుండి తీగను గదిలోనికి తెచ్చి, విద్యుత్తును కొలువబోయెను. కొలుచుటకు గాను ఆ తీగను భూమికి కలుపలేదు. పిడుగు ఆ కడ్డీని పట్టి గదిలోనికి వచ్చి, అతని నుదుటిపై కొట్టినది. అక్కడనే మరణించెను. భూమికి చేరని కడ్డీ ఎట్టిదో ఆ మహానుభావుడు ప్రాణమిచ్చి చూపెను. తుప్పుపట్టి తెగిన మన పట్టీ కూడ అట్టిదే; తేడా యేమన, అతనికి తన కడ్డీ భూమికి కలియలేదని తెలియును, మనకు తెలియలేదు.

గుడి శిఖరముమీది కలశమే పిడుగును ఆపునని కొందరు ఈమధ్య సెల్‌ఫోనులలో పంపుచున్నారు. కలశముపై నాకు భక్తి కలదు. కాని కలశమునుండి నేలలోనికి ఎడతెగని లోహపు దారి లేనిచో అదియు కడ్డీవంటిదే, గుంట లేని కడ్డీ. ఉరుము వినగానే అర్జునుని పది పేళ్ళు తలచుట నాకును అలవాటే. తలచుచునే లోపలికి నడుతును.

ఇక లెక్కలోనికి వత్తము. సామాన్యపు పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును; మిక్కిలి పెద్దదానిలో 2 లక్షలవరకు పోవును. ఇంత విద్యుత్తు భూమిలోనికి పోవునప్పుడు మట్టి కొంత అడ్డు చెప్పును. ఆ అడ్డునే భూనిరోధమందురు. దానిని ఓములలో కొలుతురు. మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 2309 తుదకు 1989లో సవరింపబడినది. అందు పిడుగు రక్షణ ఏర్పాటు మొత్తమునకు భూనిరోధము 10 ఓములు మించరాదని విధించిరి. దాని స్థానమున వచ్చిన అంతర్జాతీయ ప్రమాణము 62305 కూడ, వీలైనంతవరకు 10 ఓములకు లోపుగా నుండుట మంచిదనియే చెప్పుచున్నది. ఆంపియర్లను ఓములతో హెచ్చించిన వోల్టులు వచ్చును. 30,000ను 10తో హెచ్చించిన 3 లక్షల వోల్టులు. మన ఇంటి సరఫరా 230 వోల్టులని తలచుకొనుడు. క్రొత్త పైపు బాగుగానున్నప్పుడే ఈ లెక్క. మా మిత్రుడు తెగిన పట్టీని విడిచి, పైపును మాత్రము పట్టి ఆ మే నెలలో కొలిచినప్పుడు వచ్చిన సంఖ్య 132 ఓములు. హెచ్చించిన దాదాపు 40 లక్షల వోల్టులు. నిజమునకు అంతటి ప్రవాహమున మట్టిలోనే రవ్వలు పుట్టి నిరోధము కొంత తగ్గునట. అయినను ఏ వైపునకు పోవుచున్నామో తెలియుటకు ఈ లెక్క చాలును.

భాద్రపదములో 2, వైశాఖములో 132. ఇదెట్లు సంభవము? లెక్కలు వ్రాయువానికి ఇంతకన్న నిద్ర పట్టనీయని సంగతి ఉండదు. ఇందులో రెండు తప్పులు కలిసియున్నవి. ఒకటి భూమిది, ఒకటి మనుష్యునిది.

భూమిది ముందు చెప్పెదను. మన నల్లగొండ జిల్లా పేరులోనే కొండ ఉన్నది. ఈ సీమలో ఎక్కడ త్రవ్వినను కొన్ని మూరల లోపల మొరము, ఆ క్రింద గ్రానైటు రాయి. భువనగిరిలో ఏకశిలమీద కోట కట్టగలిగిరి గాని, అట్టి శిలలో ఎర్తు దొరకదు. విద్యుత్తును మోయునది మట్టి కాదు, మట్టిలోని తడి, ఆ తడిలో కరిగిన లవణములు. మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తియైన తరువాత కాలువల క్రింద తరి పొలములైన చోట త్రవ్వి చూడుడు. ముద్దగా అంటుకొను మట్టి, మంచి ఎర్తు దొరకును. మెరకమీది చెల్కలో, ఎర్ర ఇసుక మట్టిలో, వాన వెలిసిన నెలకే తడి ఇగిరిపోవును. మన గ్రంథాలయము వరద నీరు రాకూడదని మెరకమీద కట్టినాము. పుస్తకములకు మంచిదే, ఎర్తుకు చెడ్డది.

దీనిని కొలుచుటకు చక్కని ఉపాయము కలదు. మీలో బోరు వేయించిన ప్రతివాడును దానిని చూచియున్నాడు. పాయింటు చూచుటకు వచ్చిన సర్వేవారు టెంకాయతో గాక నాలుగు ఇనుప మేకులతో, ఒక పెట్టెతో వత్తురుగదా; నాలుగు మేకులను ఒకే వరుసలో సమాన దూరమున పాతి, బయటి రెంటిద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెంటి నడుమ వోల్టేజిని చూతురు. 1915లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ వెన్నర్ అను నాతడు ఈ పద్ధతిని వివరించెను. నీరున్న చోటు తెలియుటకు ఉపయోగించు ఆ పెట్టెయే, పిడుగు ఎక్కడ ఇముడునో కూడ తెలుపును. సర్వేవారు చెప్పు ఆ సంఖ్య మట్టి యొక్క విశిష్ట నిరోధము. ఓము మీటర్లలో చెప్పుదురు. రెండున్నర మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల మందముగల పైపును నిలువుగా పాతినప్పుడు దాని భూనిరోధము ఆ సంఖ్యలో సుమారు మూడవ వంతు వచ్చును. పెద్ద సూత్రమును విప్పి నేను చేసికొన్న కైవారము ఇది. తడి నల్లమట్టి 30 ఓము మీటర్లున్న పైపునకు 10 ఓములు. ఎండిన చెల్క 400 ఉన్న పైపునకు 130 పైచిలుకు. మన 132 అట్లు వచ్చినదే. అనగా ఆ పైపు చెడిపోలేదు. ఈ నేలలో ఒక్క పైపు ఎన్నటికిని చాలదు.

ఇక్కడ కార్తెల సంగతి చెప్పక తప్పదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. భూమి మిక్కిలి ఎండియుండునది ఆ దినములలోనే. మన సీమలో ఈదురుగాలితో, ఉరుములతో అకాల వర్షములు వచ్చునది చైత్ర వైశాఖములనుండి మృగశిరవరకు. కనుక భూమి పిడుగును మ్రింగుటకు బొత్తిగా శక్తిలేనప్పుడే పిడుగులు పడుచున్నవి. వానకాలములో కొలిచి, బాగున్నదని అట్టమీద వ్రాసికొనుట, పంట చేతికి వచ్చిన మాసములో ఇంటి ఆదాయము చూచి ఏడాదికంతకు అప్పు తీర్చెదనని మాట ఇచ్చుటవంటిది. బ్రిటిషువారి పాత ప్రమాణములో, పరీక్షకు పరీక్షకు నడుమ పండ్రెండు మాసములకన్న కొంచెము తక్కువ గడువుంచిన ఋతువులన్నియు వరుసగా వచ్చునని సలహా యున్నది. ఏడాది పొడవునా తడిసియుండు దేశమునకు అది తగును. మనకు ఆ భోగము లేదు. మనము ఏటేట రోహిణిలోనే కొలువవలెనని నా అభిప్రాయము. వీలైన వానకాలములో మరొకసారి కొలువవచ్చును, తేడా తెలియుటకు.

ఇప్పుడు మనుష్యుని తప్పు. కొలుచు పద్ధతి తెలిసిననే అది తెలియును గనుక ముందు పద్ధతి చెప్పెదను. ఎర్త్ టెస్టరు అను పెట్టెకు మూడు తీగలు. ఒకటి మన పైపునకు తగిలింతురు. రెండవదానిని దూరముగా పాతిన మేకునకు. దాని ద్వారా పెట్టె కొద్దిపాటి విద్యుత్తును భూమిలో నడపును. మూడవదానిని నడుమ పాతిన మేకునకు. అది వోల్టేజిని చూచును. ఒక్క పైపునకు దూరపు మేకు కనీసము 30 మీటర్ల దూరమున ఉండవలెను. నడిమి మేకు ఆ దూరములో నూటికి 62 వంతున, అనగా సుమారు పద్దెనిమిదిన్నర మీటర్ల చోట నుండవలెను. తరువాత నడిమి మేకును 3 మీటర్లు ముందుకును, 3 మీటర్లు వెనుకకును జరిపి మరి రెండుసారులు చూడవలెను. మూడు సంఖ్యలు దగ్గరగానున్న నమ్మవచ్చును. దూరముగానున్న మేకును ఇంకను దూరము తీసికొనిపోవలెనని అర్థము. నేలలో లోహపు నీటి పైపు ఉన్న దిక్కున వరుస పెట్టరాదు. అనుమానమున్న మరొక దిక్కునకు తిరిగి కొలువవలెను. మేకుల చుట్టు నేల ఎండియున్న చెంబెడు నీరు పోయవచ్చును. అది తప్పు కాదు, మేకుల నిరోధము లెక్కలోనికి రాదు. బండ ఉన్నచోట తడి గోనెసంచిపై ఇనుప పలక పెట్టి కూడ పని జరుపుకొనవచ్చును. కాని పరీక్షకు ముందు ఎర్తు పైపు గుంటలో మాత్రము నీరు పోయరాదు. ఆడిటరు వచ్చు ముందునాటి రాత్రి పద్దులు దిద్దుటవంటిది అది. మా పరీక్షనాడు ఒక కుర్రవాడు సేవాభావముతో రెండు బిందెలు పోసెను. ఆ దినము కొలత మానివేసి పదిదినములు ఆగితిమి.

సెల్లుతో నడచు మామూలు మీటరుతో ఎర్తు కొలువరాదు. ఒకే దిక్కుగా ప్రవహించు విద్యుత్తును పంపిన తడిమట్టిలో రసాయనిక మార్పు కలిగి సంఖ్య తప్పగును. ఎర్త్ టెస్టరు దిక్కు మార్చుచు పంపును; అదియు 50 ఆవృత్తులు కాక వేరొక లెక్కన, నేలలో తిరుగుచున్న కరెంటు సరఫరాతో కలియకుండ. పట్టీ చుట్టు బిగించి చూచు పట్టుకారువంటి మీటరొకటి కలదు. అనేక ఎర్తులు ఒకదానితో ఒకటి కలిసియున్నచోట అది పనికివచ్చును. ఒంటరి ఎర్తుకు పనికిరాదు. లోహపు చుట్టు మూసియున్నచోట బిగించిన భూమిని కాక ఆ చుట్టును కొలిచి, అందమైన చిన్న సంఖ్యను చూపి మోసగించును.

భాద్రపదపు తప్పు ఇదియే. గోడమీద మనిషెత్తున పట్టీకి రెండు ముక్కలను కలుపు టెస్టు లింకు ఉండును. కొలుచుటకు ముందు ఆ నట్లను విప్పి, ఎర్తు పైపును మిగిలిన దానినుండి వేరు చేయవలెను. ఆనాడు కొలిచినవారు విప్పలేదు. విప్పకుండ కొలిచినచో, పట్టీ ద్వారా భవనపు కరెంటు ఎర్తును, దానిద్వారా ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తును, దారి పొడవునా స్తంభముల ఎర్తులును అన్నియు కలిసి కొలువబడును. అందరి ఆస్తియు కలిపి ఒకని పేర వ్రాసిన ధనవంతుడు కాక ఏమగును? లైనుమను లింకు బిగించి కొలిచి చూపగా మాకును చిన్న సంఖ్యయే వచ్చినది, విప్పగానే 132. ఆ అట్ట వ్రాసినవారిని నేను దూషింపను. వారు ఆనాడు చూచిన సంఖ్యనే వ్రాసిరి. కాని దేనిని చూచుచున్నారో ఎరుగక వ్రాసిరి.

ఒక హెచ్చరిక. మబ్బు పట్టియున్నప్పుడు, దూరమున ఉరుము వినబడినప్పుడు ఆ లింకును ముట్టరాదు. పని నడుమ ఉరిమిన చేతిలోని పానాను అక్కడనే విడిచి లోపలికి రావలెను. పిడుగు కడ్డీ ఎర్తును విప్పుట ఒకటి, కరెంటు సరఫరా ఎర్తును విప్పుట మరొకటి. రెండవదానిని లైనుమను లేకుండ ముట్టుకొనుట ప్రాణాపాయము.

దిద్దుబాటును గూర్చి చెప్పెదను. మొదట మాకు తోచినది మరొక పైపు ప్రక్కనే పాతుట. మా మిత్రుడు నవ్వి, "ఒకే పొలంలో పక్కపక్కన రెండు బోర్లు ఏసి నీళ్ళు రెండింతలొస్తయనుకున్నట్టుంది సారూ" అనెను. నిరోధములో చాలభాగము పైపునకు దగ్గరగానున్న మట్టిలోనే ఉన్నది. రెండు పైపులు ఒకే మట్టిని పంచుకొన్న లాభము లేదు. పైపు పొడవునకు రెండింతల దూరమైనను నడుమ ఉండవలెను. క్రిందికి పోదమన్న బండ. కనుక అడ్డముగా పోయితిమి. గోడలకు మీటరు దూరమున, అర మీటరునకు మించిన లోతున కందకము త్రవ్వి, భవనము చుట్టు జి.ఐ. పట్టీని వలయముగా పరచితిమి. నాలుగు మూలల పైపులు దింపితిమి. రాతి నేలలో పొడుగాటి పట్టీకున్న బలము నిలువు పైపునకు లేదు. 30 మీటర్ల పట్టీ భూనిరోధము మట్టి సంఖ్యలో సుమారు పదిహేడవ వంతే వచ్చును. ఒక్క పైపునకు మూడవ వంతని ముందే చెప్పితిని.

పట్టీ చుట్టు ఏమి నింపవలెనన్నదానిపై పెద్ద చర్చ జరిగినది. ఉప్పు, బొగ్గు పొరలుగా వేయుట మన లైనుమనుల పాత అలవాటు. ఉప్పు తక్షణము నిరోధమును తగ్గించును, నిజమే. కాని వానకు కరిగి పోవును, ఉన్నన్నాళ్ళు ఇనుమును తినివేయును. మన పట్టీని తిన్నది ఆ ఉప్పే యని నా నమ్మకము. బెంటొనైటు అను మెత్తని మట్టిని ఇప్పుడు వాడుచున్నారు. అది నీటిని పీల్చి ఉబ్బి పట్టియుంచును, మిక్కిలి ఎండిన ముడుచుకొని సందు విడుచును. మేము చెరువు పూడిక మట్టిని తెచ్చితిమి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలమున ఆ మట్టిని పొలములకు తోలుకొన్న రైతులకు దాని గుణము చెప్పనక్కరలేదు: తడిని విడువదు. రాళ్ళు ఏరి, తడిపి, పొర పొరకు గట్టిగా దిమ్మిస వేయించితిమి. ఆ రోహిణిలో కొలువగా 16 వచ్చినది. సంతోషించితిమి గాని అది 10 కాదు. బోరింగు వద్ద నీరు నిలుచు పల్లమువరకు మరి 20 మీటర్ల పట్టీని చాపితిమి. మరుసటి రోహిణిలో 9. ఆ సంఖ్యను చిట్టాలో వ్రాసిననాడు నాకు కలిగిన తృప్తి ఏ జమాబందిలోను కలుగలేదు. వలయము ఏర్పడిన తరువాత దూరపు మేకు 30 మీటర్లు చాలదు. వలయము యొక్క కర్ణమునకు ఐదు రెట్లకు తగ్గనీయము. అందుచే ఆ మేకు బడి ఆటస్థలములో పడుచున్నది.

9 ఓములైనను లెక్క ప్రకారము 2 లక్షల 70 వేల వోల్టులని మీరడుగవచ్చును. సరియే. ఆ క్షణమున పట్టీయు, కరెంటు ఎర్తును, నీటి పైపును వేర్వేరు ఎత్తులలో ఉన్న నడుమనున్న మనిషిమీదుగా రవ్వ దూకును. అన్నియు కలిసి ఒకే ఎత్తునకు లేచిన దూకుటకు చోటుండదు. అందుకే పిడుగు ఎర్తును కరెంటు ఎర్తుతో, లోహపు పైపులతో నేలమట్టమున కలుపవలెనని నేటి ప్రమాణము. రెంటిని ఎడముగా ఉంచుటయే క్షేమమని మనలో చాలమంది నమ్మిక. మేమును అట్లే అనుకొంటిమి. కొలుచునప్పుడు విప్పుట, కొలిచిన తరువాత మరువక బిగించుట, రెండును చిట్టాలో వ్రాయవలెను.

పిడుగు భూమిలోనికి దిగినచోట నేలయంతయు ఒకే ఎత్తున ఉండదు. అడుగడుగునకు వోల్టేజి తగ్గుచుండును. అడుగు చాచినవాని రెండు పాదముల నడుమ ఆ తేడా పనిచేయును. చెట్టు క్రింద చేరిన గొఱ్ఱెలమంద ఒక్క పిడుగునకు పడిపోవుట ఇందుచేతనే. వాటి ముందుకాళ్ళకు వెనుకకాళ్ళకు దూరమెక్కువ, నడుమ గుండె ఉన్నది. మన గొల్ల కురుమ సోదరులు ఈ శాస్త్రము చదువకయే కన్నులార చూచియున్నారు. కనుక పట్టీ దిగుచోటునుండి 3 మీటర్లలోపల ఎవరును నిలువరాదు. అక్కడ 15 సెంటీమీటర్ల మందమున కంకర పరచిన పాదములకును నేలకును నడుమ అడ్డు కలుగునని ప్రమాణములో ఉన్నది గనుక కంకర పోయించితిమి. ఆ కంకరమీద సైకిళ్ళు పెట్టుచున్నారు. దయచేసి తీయుడు.

ఇక చిన్న చిన్న సంగతులు. పట్టీ నేలలో దిగుచోటనే, గాలియు తడియు కలియుచోటనే తుప్పు ముందు పట్టును; అక్కడ జానెడు పైకి, జానెడు క్రిందికి తారు పూయవలెను. రాగిని జి.ఐ.తో నేలలో కలిపినచో రాగి బ్రదుకును, జింకు పూత చచ్చును. రాగియే మేలనువారికి నా సమాధానము: రాగి తెల్లవారుసరికి ఉండదు. క్లాంపుల నట్లను ఏటేట విప్పి, రుద్ది, గ్రీజు పూసి బిగించవలెను. దారిలో సి.సి. రోడ్డు వేసినను, పైపులైనుకై జె.సి.బి. త్రవ్వినను, ఆ వారమే మరల కొలువవలెను. త్రవ్వినవారు మన పట్టీని తెంపినారని మనతో చెప్పరు. దగ్గరలో పిడుగు పడినను అంతే. ఏడాదికొకసారి కంటితోనైన చూడవలెనని, కొన్ని ఏండ్లకొకసారి పూర్తిగా పరీక్షింపవలెనని ప్రమాణములు భవనపు తరగతిని బట్టి గడువులు పెట్టినవి. మన నేలకు నేను ఏడాదికి మించిన గడువు నియ్యను.

ఇందుకై ఒక చిట్టా తెరచితిని. గ్రంథపాలకుని బల్ల సొరుగులో ఉన్నది. తేదీ, కార్తె, వాన కురిసి ఎన్నిదినములైనది, లింకు విప్పినారా లేదా, దూరపు మేకు ఎన్ని మీటర్లు, ఏ దిక్కున, నడిమి మేకు మూడు చోట్ల వచ్చిన మూడు సంఖ్యలు, మరల లింకు బిగించినవారి సంతకము. ఒక్క సంఖ్య మాత్రమే వ్రాసిన ఏ పుటను నేను ఒప్పుకొనను. బడి భవనమునకును, గుడికిని ఇట్టి చిట్టాలు ఉండవలెనని పెద్దలతో మనవి చేయుచున్నాను. బడి డాబామీది కడ్డీ టెస్టు లింకు నేను చూచితిని. నట్లు తుప్పుతో ఒకటైపోయినవి, పానాకు తిరుగలేదు. మొదట కిరసనాయిలు పోసి నాలుగుదినములు ఉంచవలెను.

మన గ్రంథాలయపు ఈ యేటి కొలత రోహిణి కార్తె మొదటి ఆదివారము ఉదయము ఆరున్నరకు, ఎండ ముదరకముందు. ఎర్త్ టెస్టరును మా మిత్రుడు తెచ్చును. తీగ చుట్టలు మోయుటకు, ఆటస్థలములో మేకులు పాతుటకు ఇద్దరు పిల్లలు కావలెను. గుంటలో మాత్రము ఎవరును నీరు పోయకుడు.